రొమ్ము గడ్డ ముక్కను ఏ పరీక్షకు పంపాలి? మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్‌కూ బయాప్సీకీ మధ్య ఎంపిక

ఈ మధ్య మా చుట్టాల్లో ఒకావిడకు రొమ్ములో గడ్డ తగిలింది. బయాప్సీ చేయాలని డాక్టరు చెప్పిన సాయంత్రమే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్ అని ఒకటి వచ్చిందట కదా, సెకన్లలో క్యాన్సరో కాదో చెప్పేస్తుందట. అమ్మకు సూది పొడిపించకుండా అది చేయిస్తే సరిపోదా?" అని అడిగాడు.

ఆ అబ్బాయి పొరపడ్డాడని నవ్వడానికి లేదు. పేరులో ఇమేజింగ్ ఉండేసరికి చాలామంది దీన్ని స్కానింగుల వరసలో వేసేస్తారు. మామోగ్రామ్‌కైనా ఎమ్మారైకైనా మనిషి మెషిన్ దగ్గరికి వెళ్లాలి. ఇక్కడ మెషిన్‌లోకి వెళ్లేది మనిషి ఒంట్లోంచి తీసిన ముక్క. అంటే సూదో కత్తో ముందు పడాల్సిందే, ఈ పరీక్ష ఆ తర్వాతే. కాబట్టి "బయాప్సీయా, మాస్ స్పెక్ ఇమేజింగా" అన్న ప్రశ్నే కుదరదు. ముక్క చేతికొచ్చాక దాన్ని ఎవరికి ఇవ్వాలి, ఎలా దాచి ఇవ్వాలి అన్నదే అసలు ఎంపిక.

మెషిన్ చేసే పని ముగ్గు చుక్కలు తెలిసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. ముక్కను పది మైక్రాన్ల మందాన, వెంట్రుక కన్నా చాలా పలుచగా కోసి గాజు స్లైడు మీద పరుస్తారు. దాని మీద వరసగా చుక్కలు పెట్టినట్టు ఊహించుకోండి. మెషిన్ ఒక్కో చుక్క దగ్గర ఆగి అక్కడి అణువులను లేపి, అయాన్లుగా మార్చి, బరువు తూస్తుంది. (కచ్చితంగా చెప్పాలంటే బరువు కాదు, ద్రవ్యరాశిని విద్యుదావేశంతో భాగించిన విలువ.) ఒక్కో చుక్కకూ వందల బరువులు వస్తాయి. వాటిలో ఒక బరువును ఎంచుకుని, అది ఎక్కువున్న చుక్కలకు ముదురు రంగు, తక్కువున్న చుక్కలకు లేత రంగు వేస్తే బొమ్మ తయారవుతుంది. ఆ అణువు ముక్కలో ఎక్కడ పోగుపడిందో అందులో కనిపిస్తుంది.

క్యాన్సర్ అందులో ఎందుకు పట్టుబడుతుందంటే, ఆరోగ్యంగా ఉన్న రొమ్ములో కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వులో ట్రైగ్లిజరైడ్లు దండిగా ఉంటాయి. గడ్డలోని కణాలు ఆగకుండా చీలుతుంటాయి కాబట్టి వాటికి కొత్త పొరలు కావాలి. ఆ పొరలు కట్టే ఫాస్ఫోలిపిడ్లు, కొవ్వు ఆమ్లాలు అక్కడ పెరుగుతాయి. బోస్టన్ పరిశోధకులు 2014లో డెసి అనే పద్ధతితో రొమ్ము గడ్డ అంచులను చూసినప్పుడు, ఒలీక్ ఆమ్లం లాంటివి గడ్డ ఉన్నచోట ఎక్కువగా కనిపించాయి. ఆ బొమ్మలో గీసిన అంచు, మైక్రోస్కోపు కింద పెథాలజిస్ట్ గీసిన అంచుతో సరిపోయింది.

గడ్డ తగిలినవాళ్లకు

ఇక్కడ నా సలహాలో ఊగిసలాట లేదు. డాక్టరు చేత్తో చూడడం, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, అనుమానం ఉంటే కోర్ బయాప్సీ. ఈ మూడే. సన్న సూదితో కణాలు లాగే ఎఫ్ఎన్ఏసీ చవక, త్వరగా అయిపోతుంది. కానీ అందులో విడివిడి కణాలే వస్తాయి తప్ప కణాల అమరిక రాదు. క్యాన్సర్ పాలనాళం లోపలే ఉందా, గోడ దాటి బయటికి వచ్చిందా అన్నది దాంతో తేలదు. కోర్ సూదితో సన్నటి కడ్డీల్లాంటి ముక్కలు వస్తాయి కాబట్టి అమరిక కనిపిస్తుంది, తర్వాతి పరీక్షలకూ సరుకు మిగులుతుంది. రెండూ చేయగల చోట కోర్ వైపే మొగ్గండి.

ఆ ముక్క మీద చేసే ఈఆర్, పీఆర్ (హార్మోన్లు అతుక్కునే ప్రోటీన్లు), హెర్-2 (కణాలను పెరగమనే ప్రోటీన్) పరీక్షలే చికిత్సకు తాళంచెవులు. ఈఆర్ ఒక శాతం కణాల్లో ఉన్నా పాజిటివ్ అంటారు (పది శాతం లోపైతే 'లో పాజిటివ్' అని విడిగా రాస్తారు). దాన్ని బట్టే టామోక్సిఫెన్ లాంటి హార్మోన్ మందులు ఇస్తారు. హెర్-2 రిపోర్టు 3+ వస్తే, హెర్-2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు మాట ఎత్తుతారు. 2+ వస్తే అటూ ఇటూ కానట్టు లెక్క, హెర్-2 జన్యువు కాపీలు లెక్కపెట్టే ఫిష్ పరీక్షకు పంపి తేల్చుకుంటారు. ఏ మందు ఎవరికి పనిచేస్తుందో తేల్చిన పెద్ద పెద్ద ట్రయల్స్ ఈ పరీక్షలను ఆధారం చేసుకునే జరిగాయి. మాస్ స్పెక్ బొమ్మ ఎంత అందంగా వచ్చినా, దాన్ని చూసి ఈ మందులు రాసే ఆంకాలజిస్ట్ ఉండరు, ఉండకూడదు కూడా.

ఇమేజింగ్‌తో హెర్-2 తేల్చాలని ప్రయత్నించకపోలేదు. మ్యూనిక్‌లో ఆక్సెల్ వాల్ష్ బృందం 2010లో మాల్డీ (లేజర్ కొట్టి అణువులను లేపే పద్ధతి) ఇమేజింగ్‌తో ఆ పని చేసింది. 30 గడ్డలతో నేర్పి, విడిగా మరో 18 గడ్డల మీద పరీక్షిస్తే మొత్తం మీద 89 శాతం సరిగ్గా చెప్పింది. వినడానికి బాగుంది. కానీ విడగొట్టి చూస్తే సెన్సిటివిటీ 83 శాతం, స్పెసిఫిసిటీ (హెర్-2 లేనివాళ్లకు 'లేదు' అని సరిగ్గా చెప్పడం) 92 శాతం. 83 అంటే ఏమిటో మన భాషలో చెప్పుకుంటే, నిజంగా హెర్-2 ఉన్న వందమందిలో 17 మందికి 'లేదు' అని చెప్పడం. ఆ 17 మందికీ ట్రాస్టుజుమాబ్ అందదు. 'మొత్తం మీద ఇంత శాతం కచ్చితం' అన్న ఒక్క అంకె చూసి ఏ పరీక్షనూ నమ్మవద్దని అందుకే అంటాను.

అయినా నాకు ఆ పని మీద గౌరవం ఉంది, కారణం వేరు. ఐహెచ్‌సీలో (యాంటీబాడీతో ప్రోటీన్‌కు రంగు పట్టించి చూసే మామూలు పరీక్ష) మనం దేన్ని వెతుకుతున్నామో ముందే తెలియాలి, దానికి తగ్గ యాంటీబాడీ కొనాలి. ఈ ఇమేజింగ్‌లో ఏమీ ముందే అనుకోనక్కర్లేదు. హెర్-2 ఉన్న గడ్డల్లో 8404 బరువు దగ్గర ఒక గుర్తు పదే పదే కనిపించింది. అదేమిటా అని తవ్వితే క్రిప్-1 అనే చిన్న ప్రోటీన్ బయటపడింది. ఎవరూ వెతకని దాన్ని చూపించగలగడమే ఈ పద్ధతి బలం. రోగికి రిపోర్టు ఇవ్వడానికి కావలసిన బలం అది కాదు.

కీమో అవసరమా, మానుకోవచ్చా అన్న సందేహం ఉన్నవాళ్లు కూడా దీని వైపు చూడనక్కర్లేదు. దానికి 21 జన్యువులు చూసే ఆంకోటైప్, 70 జన్యువులు చూసే మామాప్రింట్, బెంగళూరులో తయారైన క్యాన్‌అసిస్ట్ ఉన్నాయి. మీకు అవి పనికొస్తాయా అన్నది డాక్టరునే అడగండి.

కుటుంబం నిజంగా కనిపెట్టుకుని ఉండాల్సిన సంగతి ఒకటుంది, దాని గురించి ఎవరూ వాట్సాప్‌లో పంపరు. ముక్క ఒంట్లోంచి బయటికి వచ్చిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అందులో కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు ఉండాలి. శనివారం మధ్యాహ్నం తీసి సోమవారం ఉదయం ల్యాబ్‌కు ఇచ్చినా లెక్కలోనే ఉంటుంది. సెలైన్‌లో వేసి పంపితేనే చిక్కు. రొమ్ము మొత్తం తీసినప్పుడైతే, కోయకుండా అలాగే బకెట్‌లో ముంచినా చిక్కే. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు లోతుకే ఇంకుతుంది. అది నడిమధ్యకు చేరేలోపు అక్కడి ప్రోటీన్లు చెడిపోయి, ఉన్న ఈఆర్ కూడా లేనట్టు రావచ్చు. అంత దెబ్బ తిన్న ముక్కను ఏ మెషిన్ కూడా బాగుచేయలేదు.

ఇంకో చిన్న గందరగోళం. "మా ఊరి పెద్ద ల్యాబ్‌లో మాల్డీ ఉందండీ, అక్కడ చేయరా?" అని అడిగేవాళ్లున్నారు. అక్కడ ఉన్నది బ్యాక్టీరియాను గుర్తుపట్టే మాల్డీ. అమెరికా ఎఫ్‌డీఏ 2013లో ఆ వాడకానికి అనుమతి ఇచ్చింది, తర్వాత మన దగ్గరా చాలా ల్యాబుల్లోకి వచ్చింది. సూత్రం ఒకటే అయినా, ముక్క మీద చుక్క చుక్కకూ నడవడానికి ఆ మెషిన్‌ను తయారు చేయలేదు.

ఆపరేషన్ థియేటర్లో

సెకన్లలో తేల్చేస్తుందన్న వార్తలు ఇక్కడివే. రొమ్ము నిలిపి గడ్డ మాత్రమే తీసే సర్జరీలో, అంచున క్యాన్సర్ మిగిలిందా లేదా అన్నది సర్జన్‌కు అప్పటికప్పుడు తెలియదు. పెథాలజీ రిపోర్టు రోజుల తర్వాత వస్తుంది. మిగిలిందని అందులో వస్తే మళ్లీ టేబుల్ ఎక్కాలి. ఇంగ్లండ్‌లో రికార్డులు తిరగేస్తే, ఇలాంటి సర్జరీ అయిన ప్రతి ఐదుగురిలో ఒకరికి మరో ఆపరేషన్ అవసరమైంది. ఆ టెన్షన్ అనుభవించిన ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

దీనికి పాత మందు ఫ్రోజన్ సెక్షన్. ముక్కను గడ్డకట్టించి, కోసి, రంగు వేసి అరగంటలో చెప్పేస్తారు. కానీ రొమ్ములో కొవ్వు ఎక్కువ. మామూలు చలికి కొవ్వు సరిగ్గా గట్టిపడదు, బ్లేడు కింద నలుగుతుంది. అందుకే అంచుల కోసం దీన్ని నమ్ముకోవడానికి చాలామంది పెథాలజిస్టులు ఇష్టపడరు.

కొత్తవాటిలో పేరు మోసింది ఐనైఫ్. లండన్ ఇంపీరియల్ కాలేజీలో జోల్టాన్ టకాట్స్ దీన్ని రూపొందించారు. సర్జన్లు రోజూ వాడే కరెంటు కత్తి కోసినప్పుడు వచ్చే పొగను గొట్టంతో లాగి మాస్ స్పెక్‌కు పంపుతారు. 2013లో అచ్చయిన పనిలో, థియేటర్లో 81 ఆపరేషన్లలో వాడితే అన్నింటిలోనూ తర్వాత వచ్చిన పెథాలజీతో సరిపోయింది. అవి రకరకాల అవయవాల ఆపరేషన్లు. రొమ్ము ముక్కల మీద 2017లో విడిగా చూసినప్పుడు సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ రెండూ 90 శాతం పైనే వచ్చాయి.

మాస్‌స్పెక్ పెన్ పుట్టింది టెక్సస్‌లో, లివియా ఎబర్లిన్ బృందం చేతుల్లో. పెన్ను మొన నుంచి ఒక నీటి బొట్టు కణజాలాన్ని తాకుతుంది, మూడు సెకన్లు ఉండి అణువులను కరిగించుకుని మెషిన్‌కు చేరుతుంది. రొమ్ము, ఊపిరితిత్తి, థైరాయిడ్, అండాశయం కలిపి 253 ముక్కల మీద 96 శాతం పైచిలుకు సరిగ్గా చెప్పిందని 2017లో ప్రకటించారు. ఐనైఫ్ తెలుసుకోవడానికి కాలుస్తుంది, పెన్ కాల్చదు. ఆ తేడా వల్ల నేనైతే పెన్‌నే ఇష్టపడతాను. ఒక మాట మాత్రం చెప్పాలి. ఇవి రెండూ ఇమేజింగ్ కావు. బొమ్మ రాదు, ముట్టుకున్నచోట అవునో కాదో చెబుతాయి, అంతే.

ఆ 'ముట్టుకున్నచోట' అన్నదే అసలు కష్టం. ఐదు సెంటీమీటర్ల ఘనంలాంటి ముక్క తీశారనుకుందాం. దాని ఆరు ముఖాలూ కలిపి 150 చదరపు సెంటీమీటర్లు, అంటే 15,000 చదరపు మిల్లీమీటర్లు. పెన్ను మొన మూడు మిల్లీమీటర్ల వ్యాసం అనుకుంటే ఒక్కసారికి ఏడు చదరపు మిల్లీమీటర్లు తాకుతుంది. మొత్తం తాకాలంటే రెండు వేలకు పైగా సార్లు. ఒక్కోదానికి పది సెకన్లు వేసుకున్నా ఆరు గంటలు దాకా అవుతుంది. కాబట్టి వీటిని అనుమానం ఉన్న రెండు మూడు చోట్లే వాడగలం. ఆ అనుమానం మాత్రం సర్జన్ చేతికే రావాలి.

ఇన్ని మెషిన్ల మధ్య ఎవరూ పట్టించుకోని ఒక పద్ధతి ఉంది. గడ్డ తీశాక, ఆ గుంత గోడల నుంచి చుట్టూ మరో పలుచటి పొర చెక్కి తీయడం. యేల్ యూనివర్సిటీలో 235 మంది మీద లాటరీ పద్ధతిలో జరిపిన ట్రయల్ 2015లో అచ్చయింది. పొర తీసినవాళ్లలో 19 శాతం మందికే అంచున క్యాన్సర్ కనిపించింది, తీయనివాళ్లలో 34 శాతం మందికి. రెండో ఆపరేషన్ 21 శాతం నుంచి 10కి తగ్గింది. కొనాల్సిన మెషిన్ ఒక్కటీ లేదు. మన ఊళ్లలో సర్జన్ ఎవరైనా నన్ను అడిగితే ఐనైఫ్ కోసం ఎదురుచూడమని చెప్పను, ఈ పొర సంగతి చెబుతాను. పేషెంట్లు కూడా ఆపరేషన్ ముందు "గుంత చుట్టూ అదనంగా పొర తీస్తారా డాక్టరు గారూ?" అని అడగవచ్చు. తప్పేం లేదు.

పరిశోధన చేసేవాళ్లకు

మాస్ స్పెక్ ఇమేజింగ్ అసలు చోటు ఇదే. పీజీ థీసిస్‌కో పీహెచ్‌డీకో రొమ్ము గడ్డల మీద పని చేద్దామనుకునేవాళ్లు మొదట "ఏ మెషిన్ మంచిది?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: మీ ముక్కలు ఏ రూపంలో ఉన్నాయి?

ఫార్మలిన్‌లో పెట్టి మైనంలో పోసిన బ్లాకులైతే లిపిడ్ల ఆశ దాదాపు వదులుకోండి. బ్లాకు చేసే దారిలో ఆల్కహాలు, జైలీన్ వాటిని కడిగేస్తాయి. ప్రోటీన్లు ఉంటాయి కానీ ఫార్మలిన్ వాటిని ఒకదానికొకటి ముడివేసేస్తుంది. అందుకని స్లైడు మీదే ట్రిప్సిన్ అనే ఎంజైము చల్లి ముక్కలుగా కోయించి, ఆ పెప్టైడ్లను మాల్డీతో చూడాలి. లేదంటే పీఎన్‌జేస్-ఎఫ్ అనే ఎంజైముతో చక్కెర గొలుసులను విడదీసి వాటిని చూడాలి. ఇంకో దారి మాస్ సైటోమెట్రీ ఇమేజింగ్. ఇందులో యాంటీబాడీలకు రంగుకు బదులు లోహపు పరమాణువులు తగిలిస్తారు, కాబట్టి ఒకే ముక్క మీద ముప్పై పైచిలుకు ప్రోటీన్లను ఒకేసారి చూడవచ్చు. చుక్క సైజు ఒక మైక్రాన్, అంటే కణం కణం విడిగా కనిపిస్తుంది. జూరిక్‌లో బోడెన్‌మిల్లర్ బృందం ఇలాగే 352 మంది రొమ్ము గడ్డలను 35 గుర్తులతో చూసి 2020లో ప్రకటించింది. లోటు ఏమిటంటే మళ్లీ యాంటీబాడీలే. ముందే తెలిసినవాటినే చూస్తారు, క్రిప్-1 లాంటి అనుకోనిది దొరకదు. అయినా మన ఆసుపత్రుల అల్మారాల్లో ఉన్నవన్నీ బ్లాకులే, వాటి వెనక ఐదేళ్ల, పదేళ్ల రికార్డులు ఉంటాయి. అది చిన్న ఆస్తి కాదు.

లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80లో దాచిన ముక్కలుంటే మాల్డీ, డెసి రెండూ తెరుచుకుంటాయి. మాల్డీ ఇమేజింగ్‌ను 1997లో హ్యూస్టన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో రిచర్డ్ కాప్రియోలి మొదలుపెట్టారు. లేజర్ తగిలేముందు ముక్క మీద మ్యాట్రిక్స్ అనే రసాయనం పూత వేయాలి. ఆ పూతలోనే సగం విద్య ఉంది. తడి ఎక్కువైతే అణువులు పక్క చుక్కలోకి పాకి బొమ్మ అలుక్కుపోతుంది, తడి తక్కువైతే సరిగ్గా లేవవు. పైగా చిన్న బరువుల దగ్గర మ్యాట్రిక్స్ సొంత గుర్తులే కిక్కిరిసి ఉంటాయి. డెసి 2004లో పర్డ్యూలో గ్రాహం కుక్స్ దగ్గర పుట్టింది. పూత లేదు, వాక్యూమ్ అక్కర్లేదు. విద్యుదావేశం ఉన్న ద్రావకపు తుంపరను ముక్క మీద కొడితే చాలు. తర్వాత అదే ముక్కకు మామూలు హెచ్ అండ్ ఇ రంగు వేసి పెథాలజిస్ట్‌కు చూపించవచ్చు. కాకపోతే చుక్క పెద్దది. మామూలుగా 50 నుంచి 200 మైక్రాన్లు. మాల్డీలో 10 మైక్రాన్లకు, ఇంకా కిందికీ దిగవచ్చు.

చుక్క చిన్నదైతే మంచిదే కదా అని పరుగెత్తకండి. సెంటీమీటరు చదరానికి 100 మైక్రాన్ల చుక్కలైతే 10,000. పది మైక్రాన్లైతే పది లక్షలు. సెకనుకు పది చుక్కలు చదివినా అది 28 గంటల పని. పైగా ఒక్కో చుక్కలో సరుకు తగ్గిపోతుంది కాబట్టి సంకేతం సన్నబడుతుంది. గడ్డ ఎక్కడ, మామూలు కణజాలం ఎక్కడ అన్నదే మీ ప్రశ్న అయితే డెసి చాలు. పాలనాళం లోపలి కణాలకూ చుట్టూ ఉన్న స్ట్రోమాకూ (ఆసరాగా ఉండే కణజాలం) తేడా కావాలంటేనే మాల్డీ వైపు వెళ్లండి. ఇంకా సూక్ష్మంగా, మైక్రాన్ లోపు చూడాలంటే సిమ్స్ (అయాన్ల ధారతో కొట్టి చూసే పద్ధతి) ఉంది. కానీ అది అణువులను బాగా విరగ్గొడుతుంది, క్లినికల్ ప్రశ్నలకు దాన్ని మొదటి ఎంపికగా నేను చెప్పను.

ఓసీటీ జిగురు సంగతి విడిగా చెప్పాలి. పెథాలజీలో ఫ్రోజన్ ముక్కను ఓసీటీలో ముంచి కోయడం అలవాటు. ఆ జిగురులోని పాలిమర్ మాస్ స్పెక్‌లోకి వచ్చిందంటే మిగతా గుర్తులన్నింటినీ మింగేస్తుంది. ఏడాది పాటు జాగ్రత్తగా పోగుచేసిన ముక్కలన్నీ ఓసీటీలో మునిగి వచ్చిన ఒక ప్రాజెక్టు నాకు తెలుసు. కోసేవాళ్లకు చెప్పడం ఎవరికీ తట్టలేదు. ముక్కను హోల్డర్‌కు అంటించడానికి అడుగున ఒక చుక్క వాడితే పర్వాలేదు, కోసే ముఖానికి మాత్రం తగలకూడదు. రొమ్ము కొవ్వు కోసేటప్పుడు క్రయోస్టాట్‌ను (ముక్కను చలిలో కోసే యంత్రం) మామూలు మైనస్ 20 కన్నా ఇంకా చల్లబరచాలని కూడా ముందే చెప్పి ఉంచండి.

లెక్కల్లో జరిగే మోసం ఇంకొకటి. 14 మంది ముక్కల నుంచి లక్షల చుక్కలు వస్తాయి. వాటిని కలిపేసి, కొన్నింటితో కంప్యూటర్‌కు నేర్పి, మిగతావాటితో పరీక్ష పెడితే 99 శాతం వస్తుంది. వచ్చి తీరుతుంది, ఎందుకంటే నేర్పిన మనిషి చుక్కలే పరీక్షలోనూ ఉన్నాయి. ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టినట్టు. విడగొట్టాల్సింది మనుషులను, చుక్కలను కాదు. ఒక మనిషి పూర్తిగా ఇటుండాలి, లేదా పూర్తిగా అటుండాలి. పేపర్ చదివేవాళ్లు కూడా ముందు ఈ ఒక్క సంగతి వెతికి, తర్వాతే శాతాలు చూడండి. పెథాలజిస్ట్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దని కూడా చెబుతాను. ఏ చుక్క గడ్డదో గీసి చెప్పేవాళ్లు లేకపోతే మీ దగ్గర ఉన్నది రంగుల బొమ్మే.

దీనికోసం అమెరికా వెళ్లాల్సిన అవసరమూ లేదు. తిరుపతి ఐసర్‌లో శిబ్‌దాస్ బెనర్జీ బృందం డెసి ఇమేజింగ్‌తో క్యాన్సర్ కణజాలం మీద పనిచేస్తోంది. దగ్గరి ఆసుపత్రిలో సర్జన్, పెథాలజిస్ట్ ఇద్దరూ ఒప్పుకుని, ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చి, పేషెంటు సంతకం పెట్టాక గడ్డలో మిగులు ముక్కను నైట్రోజన్‌లో వేసే ఏర్పాటుంటే చాలు. మిగులు అన్నది గమనించండి. రోగ నిర్ధారణకు కావలసినంత ఫార్మలిన్‌లోకి వెళ్లాకే పరిశోధనకు.

ఫోన్ చేసిన ఆ అబ్బాయికి ఇదంతా చెప్పలేదు. కోర్ బయాప్సీ చేయించు, ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ రిపోర్టులో ఉన్నాయో లేదో చూసుకో, బ్లాకులు పారేయకుండా ల్యాబ్‌లో ఉంచమను అన్నాను. రెండో అభిప్రాయానికి హైదరాబాదో ముంబయో వెళ్లాల్సి వస్తే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, స్లైడ్లూ బ్లాకులూ కావాలి. అడిగితే సంతకం పెట్టించుకుని ఇస్తారు. మే నెల ఎండలో వాటిని కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకు, ఆ మైనం 60 డిగ్రీల లోపే కరిగిపోతుందని చెప్పాను.